హోటల్లో మనం ఎక్కడ కూర్చుంటాం?

(జిల్లా మహిళా కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



బహిరంగ స్థలాల్లో స్త్రీల హక్కుల గురించి మాట్లాడమని నన్ను అడిగారు. రోడ్డు గురించీ, బస్టాండు గురించీ, పార్కుల గురించీ పొద్దుటి నుంచి చాలామంది చెప్పారు. నేను ఒక హోటలు గురించి చెబుతాను. నక్షత్రాల హోటలు కాదు. హన్మకొండలో నక్కలగుట్ట వైపు ఈమధ్య కొత్తగా తెరిచిన, మధ్యతరగతి వాళ్లు భరించగలిగే ధరలున్న ఒక భోజన హోటలు. పోయిన నెల మేం అయిదుగురు స్నేహితులం అక్కడికి వెళ్లి భోంచేశాం. దాని పేరు చెప్పను. ఎందుకంటే నేను చెప్పబోయే సంగతులు ఆ ఒక్క హోటలువి కావు, మీ ఊళ్లో మీరు వెళ్లే హోటల్లోనూ ఉంటాయి.

హక్కుల సభలో తిండి కబుర్లేమిటని వెనక వరసలో నవ్వుతున్నారు. నవ్వండి, ఫరవాలేదు. కానీ ఇంటికెళ్లాక రాజ్యాంగం తీసి 15వ అధికరణం రెండో క్లాజు ఒకసారి చదవండి. మతం, జాతి, కులం, లింగం, పుట్టిన చోటు - వీటిలో దేన్ని బట్టీ ఏ పౌరుడినీ, పౌరురాలినీ దుకాణాల్లోకి, హోటళ్లలోకి, వినోద స్థలాల్లోకి రాకుండా ఆపకూడదని అక్కడ ఉంది. ఆ వెంటనే బావులు, చెరువులు, స్నానఘట్టాలు, రోడ్లు వస్తాయి. అంటే 1950 జనవరి 26 నాటికే, హోటల్లోకి వెళ్లి కూర్చోవడం అనేది ఊరిబావిలో నీళ్లు తోడుకోవడంతో సమానమైన హక్కుగా రాసిపెట్టారు. కులం పక్కనే లింగం అనే మాట కూడా ఉంది. మనం కులం మాట గుర్తుపెట్టుకున్నాం, రెండో మాట గుర్తుపెట్టుకోలేదు.

కులం మాట గుర్తుండటానికి కారణముంది. మా అయిదుగురిలో ఒక దళిత స్నేహితురాలు ఉంది, అంగన్వాడీ టీచరు. వాళ్ల నాన్న ఊళ్లో చాయ్ హోటలు బయట నిలబడి తాగి, తన గ్లాసు తానే కడిగి చూరులో పెట్టి వచ్చేవాడట. అంటరానితనం నేరాల మీద 1955లో వచ్చిన చట్టం హోటల్లోకి రానివ్వకపోవడాన్నీ, అక్కడి పాత్రలు వాడుకోనివ్వకపోవడాన్నీ నేరమని చెప్పింది. చట్టం వచ్చిన చాలా ఏళ్ల దాకా కూడా మన ఊళ్లలో రెండు గ్లాసుల పద్ధతి నడిచింది. దాని మీద పోరాటాలు జరిగాయి, కేసులు నడిచాయి. మరి స్త్రీల విషయంలో? మనల్ని రావద్దని ఎవరూ బోర్డు పెట్టలేదు. పెట్టాల్సిన అవసరం రాలేదు, మనమే వెళ్లలేదు.

మాట వాడకంలోనే చూడండి. మన తెలంగాణ ఊళ్లలో 'హోటల్' అంటే చాయ్, ఇడ్లీ దొరికే చోటు. 'రెస్టారెంట్' అంటే మాత్రం చాలామందికి మొదట గుర్తొచ్చేది 'బార్ అండ్ రెస్టారెంట్' అనే బోర్డే. చాయ్ హోటలు మగవాళ్లు పేపరు చదివే చోటు, రెస్టారెంటు మగవాళ్లు తాగే చోటు. ఇక ఆడవాళ్లు కూర్చునే చోటేది? ఆస్పత్రిలో ఎవరినైనా చేర్పిస్తే ఎదురుగా ఉన్న మెస్సులో తింటాం. కోర్టు వాయిదాకు వచ్చినప్పుడు తింటాం. తీర్థానికి పోతూ దారిలో తింటాం. పెళ్లి బట్టల కోసం బజారుకు వచ్చిన రోజు పిల్లలు గోల చేస్తే తింటాం. కష్టమో, కార్యమో ఉండాలి. ఏ కారణమూ లేకుండా, కొత్తగా హోటలు పెట్టారట, ఎట్లా ఉందో చూద్దాం అని నలుగురు ఆడవాళ్లు బయల్దేరడం ఎన్నిసార్లు చూశారు? మగపిల్లలు ఇంటర్మీడియట్ నుంచే చేసే పని ఇది.

మేం వెళ్లింది ఏ కారణమూ లేకుండానే. మాతో వచ్చినవాళ్లలో ఒకామె రిటైరైన నర్సు. ఒకామె కాలేజీలో పాఠాలు చెబుతుంది. మరొకామె పరకాల వైపు పల్లె నుంచి వచ్చింది, బీడీలు చుట్టి ముగ్గురు పిల్లల్ని చదివించి ఇప్పుడు పొదుపు సంఘం లెక్కలు చూస్తోంది. 2023 డిసెంబరు నుంచి ఆడవాళ్లకు పల్లె వెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్ లేకపోవడం వల్ల ఆమె ఇప్పుడు నెలకు రెండుసార్లయినా హన్మకొండ వస్తోంది. బస్సు ఖర్చు మిగిలితే ఆడవాళ్లు ఏం చేస్తారని పేపర్లలో చాలా జోకులు రాశారు కదా, ఇదిగో, ఇట్లా స్నేహితురాళ్లతో కలిసి భోజనానికి వస్తారు.

లోపలికి అడుగు పెట్టగానే కౌంటరు దగ్గరి అబ్బాయి మర్యాదగానే అడిగాడు.

"జెంట్స్ ఎవరన్న వస్తున్నరా మేడం?"

"ఎవ్వరు రారు. మేమైదుగురమే."

"అయితే పైన ఫ్యామిలీ సెక్షన్ ఉన్నది మేడం. ఆడ మంచిగుంటది."

కింద కిటికీ పక్కన పెద్ద టేబులు ఖాళీగా ఉంది. రోడ్డు కనిపిస్తోంది, గాలి వస్తోంది. మా నర్సక్క అంది: "నా మోకాళ్లకు మెట్లు పడవు బిడ్డా. ఈ కిటికి కాడ ఖాళీగనే ఉన్నది గద."

"కింద అంత జెంట్సే కూసుంటరు మేడం."

"కూసోనియ్యి. మేం వాళ్లనేమన్న లేవమన్నమా?"

అబ్బాయి నవ్వాడు, మేం కూర్చున్నాం. గొడవేమీ జరగలేదు. కానీ ఆ 'ఫ్యామిలీ సెక్షన్' అనే మాట దగ్గర కాస్త ఆగాలి. ఒకప్పుడు మన టౌన్లలో హోటళ్లకు చెక్క అడ్డాలు, పరదాలు కట్టిన ఫ్యామిలీ గదులు ఉండేవి. భార్యను తీసుకొచ్చిన మగవాడు ఆమెను నలుగురి కళ్ల నుంచీ దాచి తినిపించడానికి అవి పనికొచ్చేవి. ఒంటరిగా వచ్చిన ఆడమనిషికి అక్కడ కూడా చోటు కష్టమే, ఎందుకంటే ఆమె ఫ్యామిలీ కాదు. ఇప్పుడు పరదాలు పోయి ఏసీ వచ్చింది. పద్ధతి మాత్రం అదే. మగవాళ్లు ఉన్న చోటు మామూలు చోటు, ఆడవాళ్లకు విడిగా ఒక చోటు. ఫ్యామిలీ సెక్షన్ వద్దని నేననడం లేదు. చంటిబిడ్డకు పాలివ్వాల్సిన తల్లికి అది కావాలి. చూపులతో గుచ్చేవాళ్ల మధ్య తినడం ఇష్టంలేని ఆడపిల్లకూ కావాలి. ఎక్కడ కూర్చోవాలో నిర్ణయించుకునేది మేమా, కౌంటరు అబ్బాయా అన్నదే నా ప్రశ్న.

రక్షణ పేరుతో హక్కు తీసేయడం గురించి సుప్రీంకోర్టు 2007లో ఒక తీర్పు ఇచ్చింది. అనూజ్ గార్గ్ కేసు. మద్యం అమ్మే చోట స్త్రీలను పనిలో పెట్టుకోకూడదని 1914 నాటి పంజాబ్ ఎక్సైజు చట్టంలో ఒక సెక్షన్ ఉండేది. దాన్ని ఢిల్లీలో హోటళ్ల వాళ్లు, హోటలు మేనేజ్‌మెంటు చదివిన వాళ్లు సవాలు చేశారు. ఆ సెక్షన్‌ను కోర్టు కొట్టేసింది. స్త్రీకి భద్రత లేదంటే భద్రత కల్పించాలి గాని, ఆమెను పనిలోంచి తీసేయడం భద్రత కాదన్నది ఆ తీర్పు సారం. సారా మీద పోరాడిన మనం, 1990లలో దూబగుంట నుంచి మొదలైన ఉద్యమాన్ని చూసిన మనం, ఈ తీర్పును ఇబ్బందిగా చదువుతాం, నాకు తెలుసు. కానీ తాగుడు వల్ల ఇల్లు నాశనం కావడం వేరు, ఒక స్త్రీ ఎక్కడ పని చేయాలో, ఎక్కడ కూర్చోవాలో వేరే వాళ్లు తేల్చడం వేరు.

సరే, తిండి సంగతి. తిండి బాగుంది, ఎందుకు దాచాలి! జొన్నరొట్టెలు, నాటుకోడి కూర, బగారా అన్నం, రెండు వెజ్ తాళీలు తెప్పించుకున్నాం. తాళీలో పచ్చిపులుసు చిన్న గిన్నెలో ఇచ్చారు, మళ్లీ అడిగితే మొహం మాడ్చుకోకుండా పోశారు. మన వరంగల్ వాళ్ల సర్వపిండి కూడా ఉంది. కొంచెం మందంగా కాల్చారు, మా పొదుపు సంఘం అక్కకు నచ్చలేదు. "గిన్నెల ఒత్తి కాలిస్తె అంచు పలుగాలె, ఇది పెంక మీద కాల్చిండ్రు" అని తేల్చేసింది. చెప్పుకోవాల్సింది ఇంకొకటి. ఆమె వేడి రొట్టె వేడిగా తింది. ఇంట్లో అందరికీ చేసి పెట్టి చివర్న తన రొట్టె చల్లగా తినే మనిషి, ఇక్కడ రొట్టె వస్తుంటే తుంచుకుని తింటోంది. మధ్యలో రెండుసార్లు ఎవరికో వడ్డించడానికి చెయ్యి గిన్నె వైపు పోయింది. నర్సక్క ఆ చెయ్యి పట్టుకుని ఆపింది.

గోడ మీద పెద్ద అక్షరాలతో 'అమ్మ చేతి వంట' అని రాసి ఉంది. పక్కనే పొయ్యి ముందు కూర్చున్న ముసలమ్మ బొమ్మ. ఈ మాట ఇప్పుడు ఏ హోటల్లో చూసినా ఉంటోంది. అమ్మ చెయ్యి పేరు చెబితే గిరాకీ వస్తుంది. అయితే ఆ చెయ్యి ఎక్కడుంది?

చేతులు కడుక్కునే చోటు వంటగది పక్కనే. తలుపు తీసి ఉంది. లోపల ముగ్గురు ఆడవాళ్లు, మిగతా అంతా మగవాళ్లు. కూరలు చేసే మగమనిషిని అందరూ 'మాస్టర్' అంటున్నారు. మన హోటళ్లలో దోసె మాస్టరు, టీ మాస్టరు, బిర్యానీ మాస్టరు ఉంటారు. రొట్టె కొట్టే ఆమెను మాత్రం 'రొట్టెలామె' అంటున్నారు. పని తెలిసిన మగవాడు మాస్టరు, అంతే పని తెలిసిన ఆడది 'రొట్టెలామె'! మిగతా ఇద్దరూ గిన్నెలు తోముతున్నారు. నర్సక్క రొట్టెలామెను పలకరించింది.

"ఎప్పుడు తింటవు చెల్లె?"

"గిరాకి తగ్గినంక అక్కా. మూడున్నర, నాలుగైతది."

"నడుమ జరసేపు కూసోవా?"

"కూసుంటే రొట్టె ఎవలు కొడ్తరు? ఇంట్ల పీట మీద కూసోని చేస్తం. ఈడ గట్టు ఎత్తుగుంటది. నిలబడే కొట్టాలె."

పొద్దున పది గంటలకు వస్తుంది, రాత్రి పదింటికి పోతుంది. రోజుకు నాలుగు వందలు. రాని రోజుకు డబ్బులు లేవు. మాస్టరుకు నెలకు పాతిక వేలు, ఉండటానికి గది. కస్టమర్ల బాత్రూం పైన ఫ్యామిలీ సెక్షన్లో ఉంది, పనివాళ్లు దాన్ని వాడకూడదు. మగవాళ్లు ఎక్కడికో పోతారు. ఆడవాళ్లు పక్క కాంప్లెక్సులో తాళం అడుక్కోవాలి. అందుకని నీళ్లు తక్కువ తాగుతారు, పొయ్యి పక్కన నిలబడి కూడా. నర్సక్క ఇరవై నాలుగేళ్లు ప్రభుత్వాస్పత్రిలో పనిచేసింది. మూత్రం ఆపుకుంటే ఏమవుతుందో ఆమె మాకు దారి పొడుగునా చెప్పింది, ఇక్కడ మళ్లీ చెప్పను.

ఈ నిలబడటం గురించి కేరళ ఆడవాళ్లు మనకంటే ముందే మాట్లాడారు. కోజికోడ్‌లో మిఠాయి వీధి అని పెద్ద బజారు ఉంది. అక్కడి బట్టల దుకాణాల్లో పనిచేసే అమ్మాయిలకు మరుగుదొడ్లు లేవు, రోజంతా కూర్చోవడానికి వీల్లేదు. విజి అనే దర్జీ పనిచేసే ఆమె వాళ్లను కూడగట్టి 'పెణ్‌కూట్టు' అనే సంఘం పెట్టింది. మొదలుపెట్టింది మరుగుదొడ్డి కోసం, తర్వాత కుర్చీ కోసం. ఏళ్ల తరబడి పోరాడితే 2018లో కేరళ ప్రభుత్వం దుకాణాల చట్టాన్ని సవరించి, కూర్చునే ఏర్పాటు చేయాలని రాసింది. 2021లో తమిళనాడు అదే పని చేసింది. కుర్చీ కోసం చట్టమా అని నవ్వినవాళ్లున్నారు. పన్నెండు గంటలు నిలబడి చూస్తే ఆ నవ్వు ఎక్కడికి పోతుందో చూడాలి.

నిజానికి ఇది కొత్త ఆలోచన కూడా కాదు. నిలబడి పనిచేసే వాళ్లకు కూర్చునే ఏర్పాటు ఉండాలని 1948 ఫ్యాక్టరీల చట్టంలోనే, 44వ సెక్షన్‌లో రాశారు. కానీ అదే చట్టంలో ఫ్యాక్టరీ అంటే ఏమిటో చెప్పే చోట హోటళ్లను, భోజనశాలలను లెక్కలోంచి తీసేశారు. వంద మందికి వండే పొయ్యి దగ్గర నిలబడ్డ మనిషి ఫ్యాక్టరీ మనిషి కాదట. వంట అంటే పని కాదనే ఆలోచన ఇంట్లోంచి చట్టం దాకా ఎట్లా నడిచి వచ్చిందో చూడండి.

మేం తిరిగి టేబులు దగ్గరికి వచ్చేసరికి బిల్లు వచ్చింది. భోజనం వెయ్యీ యాభై రూపాయలు, జీఎస్టీ అయిదు శాతం, దాని కింద 'సర్వీస్ చార్జి' ఇంకో అయిదు శాతం. లెక్చరరు మేనేజర్ని పిలిచింది. ఈ చార్జిని హోటలువాళ్లు తమంతట తాము బిల్లులో కలపకూడదని కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2022 జూలైలో మార్గదర్శకాలు ఇచ్చింది. అవి చెల్లుతాయని ఢిల్లీ హైకోర్టు 2025 మార్చిలో చెప్పింది. మేనేజరు వాదించకుండా తీసేశాడు. ఈ సొమ్ము వడ్డించే వాళ్లకూ, రొట్టె కొట్టే వాళ్లకూ పోతుందా అని అడిగితే ఆయన దగ్గర జవాబు లేదు. ఆ యాభై రెండున్నర రూపాయలూ మేం విడిగా ఇచ్చాం, సగం వడ్డించిన అబ్బాయికి, సగం లోపలి ముగ్గురికి. దీన్నేదో దానంలా చెప్పడం లేదు. బిల్లులో రాసిన పేరుకు తగిన చోటికి డబ్బు పోయిందంతే.

మనిషికి రెండు వందల ఇరవై పైచిలుకు పడింది. మధ్యరకం ధరే అని లెక్చరరు అంది. మా పొదుపు సంఘం అక్క ఏమీ అనలేదు. 2025-26లో మన రాష్ట్రంలో ఉపాధి హామీ రోజు కూలి 307 రూపాయలు. ఆ లెక్కన ఆమె తిన్న భోజనం ఒక రోజు కూలిలో మూడింట రెండొంతులకు పైనే. రొట్టెలామెకు సగం రోజు కూలి కంటే ఎక్కువ. తాను చేసే రొట్టెను తన డబ్బుతో కిటికీ పక్కన కూర్చుని తినాలంటే ఆమె ఆరు గంటలకు పైగా నిలబడాలి. 'మోడరేట్' అనే మాట ఎవరి సంచీని బట్టి వచ్చిందో మనం అడగడం మరిచిపోతాం.

ఇక వేధింపుల సంగతి. మేనేజర్ని అడిగాను, లైంగిక వేధింపుల మీద అంతర్గత కమిటీ వేశారా అని. "మా దగ్గర పది మంది లేరు మేడం" అన్నాడు. చట్టం ఆయనకు తెలుసన్నమాట! 1997లో విశాఖ తీర్పు వచ్చి, 2013లో చట్టమైన తర్వాత, పది మందికి తగ్గకుండా పనిచేసే ప్రతి చోటా అంతర్గత కమిటీ ఉండాలి. దానికి స్త్రీయే అధ్యక్షురాలు, సభ్యుల్లో కనీసం సగం మంది స్త్రీలు, బయటి స్వచ్ఛంద సంస్థ నుంచి ఒకరు. వేయకపోతే యాభై వేల దాకా జరిమానా. మా నర్సక్క వేళ్లు మడిచి అక్కడే లెక్క పెట్టింది. మాస్టరు, ఇద్దరు సహాయకులు, ముగ్గురు ఆడవాళ్లు, వడ్డించే అబ్బాయిలు నలుగురు, పార్సిలు దగ్గర ఒకడు, కౌంటరు, మేనేజరు. పదమూడు. రోజుకూలీ వాళ్లను కలపరని ఆయన అన్నాడు. కలపాలి. రోజుకూలి అయినా, కాంట్రాక్టు అయినా చట్టం దృష్టిలో ఉద్యోగే. ఇంకో మాట కూడా గుర్తుంచుకోండి. పనిచేసే స్త్రీలే కాదు, ఆ చోటికి వచ్చిన స్త్రీ ఎవరైనా, ఉద్యోగి కాకపోయినా, ఈ చట్టం కింద ఫిర్యాదు చేయవచ్చు. అంటే వడ్డించేవాడు వెకిలిగా ప్రవర్తిస్తే భోజనానికి వెళ్లిన మనమూ చేయవచ్చు. జరిగిన మూడు నెలల లోపు రాసి ఇవ్వాలి. నిజంగానే పది మంది లేని చిన్న హోటలైతే జిల్లాలో ఉండే స్థానిక కమిటీకి ఇవ్వాలి.

రెండు వారాల తర్వాత మేం ముగ్గురం మళ్లీ వెళ్లాం. ఈసారి పైకి పొమ్మని ఎవరూ అనలేదు. వంటగదిలో గట్టు పక్కన ఎత్తు స్టూలు ఒకటి వచ్చింది, దాని మీద ఉల్లిగడ్డల సంచి పెట్టారు. సంచి దించమని అడిగితే రొట్టెలామె నవ్వి తానే దించి, మేం చూస్తుండగా రెండు నిమిషాలు కూర్చుంది. బాత్రూం సంగతి ఓనరుతో మాట్లాడాలట. కమిటీ కాగితం గోడ మీద ఇంకా పడలేదు.

అందుకే ఒక ఉత్తరం తయారు చేశాం. అందులో మూడే అడిగాం - కమిటీ వేసి సభ్యుల పేర్లు గోడ మీద పెట్టడం, పనిచేసే ఆడవాళ్లకు మరుగుదొడ్డి, నిలబడి పనిచేసే వాళ్లకు స్టూలు. బయట బల్ల మీద ప్రతులున్నాయి. హోటలు పేరు రాసుకోవడానికి పైన ఖాళీ వదిలాం. మీ ఊళ్లో నలుగురు కలిసి, ఎవరి డబ్బులు వాళ్లు వేసుకుని, ముందు భోంచేయండి. కింద, మీకు నచ్చిన టేబులు దగ్గర. చేతులు కడుక్కునేటప్పుడు వంటగదిలోకి చూసి, లోపలి ఆడవాళ్లతో మాట్లాడండి. వాళ్లు వద్దంటే ఉత్తరం ఇవ్వొద్దు, ఉద్యోగం పోయేది వాళ్లదే. సరేనంటే ఒక ప్రతి మేనేజరుకు, ఒక ప్రతి జిల్లా మహిళా శిశు సంక్షేమ కార్యాలయానికి ఇచ్చి, రెండో దాని మీద ముద్ర వేయించుకోండి.